మూడు కొటేషన్లు

ఆదివారం ఉదయానికి గుమాస్తా వేసుకున్న పథకం చిన్నది. ముగ్గురు మెకానికల్ ఇంజనీర్లను ఇంటికి పిలవాలి, కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలడగాలి, భోజనాల వేళకు కూతురి భవిష్యత్తు తేల్చేయాలి.

ఆయన పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో కొనుగోళ్ల గుమాస్తా. మూడు కొటేషన్లు చేతికి రాకుండా ఒక్క బోల్టు కూడా కొని ఎరగడు. ఆ జబ్బు ఇంటికీ పాకింది. మిక్సీకి మూడు కొటేషన్లు. పంటి డాక్టరుకు మూడు కొటేషన్లు. మూడోది వచ్చేలోపు పన్ను దానంతటదే ఊడింది. "నన్నూ అలాగే చేసుకున్నారు. మిగతా ఇద్దరూ బతికిపోయారు" అని ఆయన భార్య ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంది.

కూతురికి మెకానికల్ ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. ఆ సాయంత్రంలోగా ఫీజు కట్టకపోతే అది ఇంకొకరికి పోతుంది. కట్టాలంటే సొంతిల్లు కోసం దాచిందంతా ఊడ్చి, పైన అప్పు చేయాలి. కాబట్టి గుమాస్తాది దొంగ దిగులేం కాదు. చదువును సంతలో సరుకు చేసింది ఆయన కాదు. సరుకు చేసి పెట్టాక బేరమాడినవాణ్ని పిసినారి అనడం మాత్రం లోకానికి బాగా వచ్చు.

కూతురి వాదన ఒక్కటే. పోయిన సెలవుల్లో తల్లి కుట్టుమిషన్ విప్పి మళ్లీ బిగించింది. ఒక స్క్రూ మిగిలింది గానీ మిషన్ మునుపటికన్నా చప్పుడు లేకుండా నడిచింది.

"ఆ పని నాకు నచ్చింది నాన్నా. అంతే."

"నచ్చడం కొటేషన్ కాదమ్మా" అన్నాడు గుమాస్తా.

ముందురోజే ఆయన తన బావమరిదికి ఫోన్‌లో ఒక సందేశం పంపాడు: "మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసినవారు ముగ్గురు కావలెను. ఆదివారం పది గంటలకు పట్టాతోనూ, జీతం వివరాలతోనూ మా ఇంటికి రావలెను." ఇంకో రకంగా రాయడం ఆయనకు రాదు. కూతురు పుట్టినప్పుడు కూడా బంధువులకు "ఆడపిల్ల ఒకటి, మంచి స్థితిలో అందినది" అని రాసిన మనిషి.

పదిమందికి పంపితే ముగ్గురైనా కదులుతారని లెక్కేసి, బావమరిది దానికి చిరునామా, బావగారి నంబరు తగిలించి స్నేహితులకు వదిలాడు. ఆ నంబరు మీద కనబడే బొమ్మ ఫ్యాక్టరీ గేటు. ఇక ఎవరికి ఏం అర్థం కావాలి? ఫ్యాక్టరీలో మూడు ఖాళీలున్నాయని అర్థమైంది. స్నేహితుల నుంచి వాళ్ల స్నేహితులకు, అక్కణ్నుంచి హాస్టళ్లకు పాకింది.

పది కాకముందే బెల్లు మోగింది. తలుపు తీస్తే ఇస్త్రీ చొక్కాలు. గుమ్మం దగ్గర మొదలై, మూడంతస్తుల మెట్లు దిగి, వీధి గేటు దాటి. బావమరిదికి ఊళ్లో ఇంత పలుకుబడి ఉందా అని గుమాస్తా ముందు మురిసిపోయాడు. మొదటి కుర్రాడు కుర్చీ అంచున కూర్చుని "సర్" అనేసరికి వీళ్లొచ్చింది ఉద్యోగానికని అర్థమైంది. ఆయన్నెవరూ ఊరికే సర్ అనరు.

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాడు కూడా. ఇంతలో ఆ కుర్రాడు, బూట్లు అన్నయ్యవనీ, వదులై మెట్లమీద చప్పుడవుతున్నాయనీ, ఏమనుకోవద్దనీ అన్నాడు. గుమాస్తా చెప్పబోయింది మింగేసి మొదటి ప్రశ్న అడిగాడు: చదువుకెంత అయింది?

కుర్రాడు నిజం చెప్పాడు. ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణంలో ఎంతకు చేస్తున్నాడో కూడా చెప్పి నేల చూశాడు. తరువాతివాడు బీమా పాలసీలు అమ్ముతాడు. ఆ తరువాతివాడు ఎక్కడా పని దొరక్క, తాను చదివిన కాలేజీలోనే మెకానికల్ పాఠాలు చెబుతున్నాడు. "మమ్మల్ని తయారు చెయ్యడమే పెద్ద పరిశ్రమ సర్. అందులో ఖాళీలుంటాయి" అన్నాడు, నేల చూస్తూ.

మూడు కొటేషన్లూ వచ్చేశాయి. మెట్ల మీద మాత్రం వరుస తగ్గలేదు.

గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు ఊసుపోలేదు. పక్కనే అన్ని ఇళ్లకూ నీళ్లెక్కించే పంపు మూలుగుతోంది. ఒకడు చెవి ఆనించి బేరింగ్ పోయిందన్నాడు. ఇంకొకడు కాదన్నాడు. పందెం తేలాలంటే విప్పాల్సిందే కదా. గుమాస్తా కూతురు ఇంట్లో ఉన్న పానాలన్నీ పట్టుకుని కిందకు పరిగెత్తింది. కాసేపటికి పంపు ముక్కలుగా గోనెపట్టా మీద ఉంది, పైన ట్యాంకు ఖాళీ అయింది. తలకు సబ్బుతో ఉన్న మొదటి అంతస్తు ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, మీ అందరికీ ఉద్యోగాలు రాకపోవడంలో వింతేమీ లేదంది.

ఇదే సమయానికి ఎవరో అనుమానం తీర్చుకోవడానికి ఫ్యాక్టరీకి ఫోన్ చేశారు. కాపలాదారు యజమానికి చెప్పాడు. తన ఫ్యాక్టరీ పేరు చెప్పి గుమాస్తా ఉద్యోగాలు అమ్ముకుంటున్నాడని యజమాని తేల్చేసుకుని, రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందామని స్వయంగా బయల్దేరాడు.

గేటు దగ్గర ఆయనకు ముందు కనబడింది తన ఫ్యాక్టరీ పంపే. ముక్కలుగా.

"చూడండి పెద్దాయనా" అన్నాడు చేతులకు గ్రీజున్న ఒకడు, ఆయనెవరో తెలియక. "ఒక్క బేరింగ్ మార్చాలంటే మొత్తం విప్పాలి. దీన్ని ఇలా కట్టినవాడు జన్మలో ఒక్కసారి కూడా విప్పి ఉండడు."

కట్టింది ఆయనే. మెట్లెక్కబోతే ఇంకొకడు భుజం మీద చెయ్యేసి ఆపాడు. "వరుస ఇక్కణ్నుంచి. ఈ వయసులో కూడా వెతుక్కుంటున్నారా పాపం?" అని తన ముందు చోటిచ్చాడు. డబ్బులు చేతులు మారేది కళ్లారా చూడాలని యజమాని వరుసలోనే నిలబడ్డాడు. మెట్టుకొక కథ వింటూ ఎక్కాడు.

అప్పటికి గుమాస్తా తలెత్తడం మానేశాడు. "చదువుకెంత అయింది?" అన్నాడు.

"నేను చదవలేదు. చదివినవాళ్లకి జీతాలిస్తుంటాను."

గుమాస్తా తలెత్తాడు. కూతురి ఫీజు మాట దేవుడెరుగు, నెల జీతం కూడా పోయేలా ఉంది.  గ్రీజు చేతులతో పైకొచ్చిన కూతురే నిజం చెప్పింది: ఇక్కడ ఉద్యోగాలేం లేవు, ఇదంతా నా చదువు గురించి నాన్న చేసిన వాకబు, తప్పు మాదే.

"మా బతుకులు మీకు కొటేషన్లా అంకుల్?" అన్నాడు అన్నయ్య బూట్లవాడు. సర్ పోయి అంకుల్ వచ్చాడు. గుమాస్తా లేచి నిలబడి చేతులు జోడించాడు. 

ఎవరో పరిగెత్తి తెచ్చిన బేరింగ్‌తో కింద పంపు ఒక్కసారి దగ్గి, నడవడం మొదలుపెట్టింది. మూలుగు లేదు. యజమాని చెవి అటే పెట్టి కాసేపు విన్నాడు. మనుషుల్ని వెతికిపెట్టమని ఏజెన్సీకి డబ్బు పోస్తున్నా ఇంతవరకూ ఒక్కడూ రాలేదన్నాడు. తనను తిట్టినవాణ్నీ, తనకు చోటిచ్చినవాణ్నీ పిలిచి, పనిలో చేరమని జీతం చెప్పాడు. సెల్‌ఫోన్ల దుకాణంలో అంతకన్నా ఎక్కువిస్తారని బూట్లవాడు గొణిగాడు.

"వరుస పొడుగు చూశాను కదా బాబూ" అన్నాడు యజమాని. ధరలు ఎలా పడతాయో అంత సూటిగా ఏ కాలేజీలోనూ చెప్పరు. ఇద్దరూ ఒప్పుకున్నారు.

తరువాత ఆయన గుమాస్తా వైపు తిరిగాడు. పైసా ఖర్చు లేకుండా ఇంతమందిని రప్పించావు, రేపట్నుంచి బోల్టులు కొనక్కర్లేదు, మనుషుల్ని తీసుకునే విభాగం చూడు, జీతం పెంచుతాను అని చెప్పి వెళ్లిపోయాడు.

ఇల్లు ఖాళీ అయ్యాక గుమాస్తా కూతుర్ని అడిగాడు. "విన్నావుగా అందరినీ. ఇప్పటికీ అదేనా?"

"జీతం చెప్పేటప్పుడు అందరూ నేల చూశారు నాన్నా. పంపు దగ్గర ఒక్కడూ నేల చూడలేదు."

గుమాస్తా ఇంకో కొటేషన్ అడగలేదు. పెరగబోయే జీతాన్ని తలుచుకుని, ఉన్నదంతా ఊడ్చి, పైన అప్పు చేసి సాయంత్రం ఫీజు కట్టేశాడు.

మెకానికల్ ఇంజనీరింగ్ వల్ల ఆ రోజు నిజంగా బాగుపడ్డవాడు ఒక్కడే తేలాడు. గుమాస్తా చదివింది కామర్స్.