ఇంగువ డబ్బా విచారణ

గోధుమపిండికి ఎవరింట్లోనైనా మారుపేరుతో ఉండే హక్కు వచ్చి మూడేళ్లయింది కాబట్టి, అది తమ ఇంట్లో ఎక్కడుందో కనిపెట్టమని హైమవతి మండల కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకుంది. గోధుమ ఆమె పేగులకు పడదని డాక్టరు చెప్పి రెండు నెలలు. చపాతీ, ఉప్మా, బిస్కెట్లు అన్నీ మానేసింది. అయినా అన్నం తిన్న గంటకల్లా కడుపు మెలిపెట్టేది. మనిషి సగమైంది. ఇలాగే సాగితే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు అన్నాడు.

మంగళవారం పొద్దున గుమాస్తా భద్రయ్య వచ్చి, వంటింట్లోని కొన్న సరుకులన్నిటినీ వరండాలో వరసగా కూర్చోబెట్టాడు. ఇంట్లో దంచిన కారానికి విచారణ నుంచి మినహాయింపు ఉంది. ఒక్కోదాన్నీ పేరు, తయారైన ఊరు, లోపల ఎవరున్నారు అని అడిగి రాసుకున్నాడు. సోయాసాస్ సీసా తడుముకోకుండా ఒప్పుకుంది. సూప్ పొట్లం, చిక్కదనం కోసం కొంచెం ఉంచుకున్నానని నసిగింది. వాటిని సంచిలో వేసి పక్కన పెట్టారు. హైమవతి అన్నిటినీ ఆసక్తిగా చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్లూ వీటిని ఒక్క మాటైనా అడగలేదే అనుకుంది.

చివర్లో ఇంగువ డబ్బా మిగిలింది. అత్తగారు మంగతాయారు అడ్డుపడింది.

"దాన్నెందుకండీ? వేసేది చిటికెడు."

ఆ చిటికెడు పప్పులో, చారులో, పులిహోరలో, మాగాయలో పడేది. ఇంగువ లేని పోపు ఆ ఇంట్లో లేదు.

"లోపల ఎవరున్నారు?" అన్నాడు భద్రయ్య.

"సగానికి పైగా గోధుమపిండే," అంది డబ్బా. "ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు."

హైమవతి అత్తగారి వైపు తిరిగింది. "కడుపునొప్పి అన్నప్పుడల్లా నాకు మజ్జిగలో ఇంగువ కలిపి ఇచ్చారు కదా, అత్తయ్యా."

"తగ్గుతుందనే ఇచ్చానే తల్లీ. తగ్గలేదని ఇంకాస్త కలిపాను."

భద్రయ్య ఆ మాట కూడా రాసుకున్నాడు. ఒకరికొకరు పడనప్పుడు, ముందొచ్చినవాళ్లకే వంటిల్లు దక్కుతుందని నియమం. హైమవతి కాపురానికొచ్చి నాలుగేళ్లు. డబ్బా వచ్చి ఇరవై రెండేళ్లు. అడుగంటకముందే కొత్త ఇంగువ పోస్తూ వచ్చారు గనుక దాని నివాసం ఒక్కరోజూ తెగలేదని భద్రయ్య తేల్చాడు. ఇద్దరిచేతా సంతకాలు పెట్టించాడు. డబ్బా మూతతో ముద్ర వేసింది.

పెరటి పంచలో చిన్న పొయ్యి పెట్టారు. దాన్ని మోసుకొచ్చింది అత్తగారే. హైమవతి జీలకర్ర, మిరియాలు దంచి చారు కాచుకుని, ఒక్కతే కూర్చుని తింది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి, కడుపులో ఏ గొడవా లేదు. లోపల వంటింట్లో పోపు చిటపటలాడింది.

పేరంటానికి పిలవడానికొచ్చిన పక్కింటావిడ, కోడలు పెరట్లో తింటోందేమని ఆరా తీసింది.

"మా ఇంగువకి కోడలు పడదండీ," అంది మంగతాయారు, నొచ్చుకుంటూనే.

పక్కింటావిడ అర్థమైందన్నట్టు తలూపి, అత్తగారికి బొట్టు పెట్టింది. పంచలో హైమవతి కంచం కడుక్కుంటూ, ఆ మాటలో తప్పేమీ దొరకక, తనూ తలూపింది.