సరిపోయిన స్వెటరు

సరిపోయే స్వెటరును మించిన అన్యాయం ఈ కాలంలో మరొకటి లేదు!

నవ్వకండి. నిజంగా ఒళ్లు మండే రాస్తున్నాను. సంవత్సరాంతపు సెలవులు దగ్గర పడగానే మీలో చాలామంది తల పట్టుకుంటారని నాకు తెలుసు. అక్కలు అల్లిన స్వెటర్లు, పిన్నమ్మలు కుట్టిన సంచులు, ఏ సోఫాకూ నప్పని కుషన్ కవర్లు! "కాస్త కొనుక్కొచ్చి ఇవ్వకూడదూ?" అని గొణుక్కుంటారు. ఆ స్వెటరు మెడ దగ్గర పీక నొక్కుతుంది, చంకల్లో పట్టేస్తుంది. అయితే? అది పీక నొక్కినంతకాలం మీ బతుకు చల్లగా ఉన్నట్టే. నమ్మకం లేకపోతే మా వీధిలో కళ్లజోళ్ల దుకాణం ఆయన సంగతి వినండి.

ఆయన ఒంటరివాడు. కింద దుకాణం, పైన కాపురం. కాపురం అనేది పెద్ద మాటే. ఒక మంచం, ఒక స్టవ్వు, నిలువుటద్దం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదుటివాళ్ల ముక్కుకూ చెవికీ మధ్య దూరం కొలుస్తాడు. అది కూడా వేలు తగలకుండా కొలుస్తాడు. వృత్తి మర్యాద! ఆయన్ని మాత్రం ఎవరూ కొలవరు, ఏడాదికోసారి వాళ్ల అక్క తప్ప.

అక్క అల్లుతుంది. టీవీ చూస్తూ, కూర కలుపుతూ, మొగుడి మీద కేకలేస్తూ అల్లుతుంది. కుట్ల లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఇంటి మీద పిడుగు పడ్డా చేతిలోని వరస పూర్తిచేసే లేస్తుంది. మరి అంత దిట్ట అల్లిన స్వెటరు ఆ ఇంట్లో ఎవరికీ ఎందుకు పట్టదు?

తిరకాసంతా కొలతలో ఉంది. ఆవిడ టేపు ముట్టదు. "టేపు పరాయివాళ్లకి. ఇంట్లోవాళ్లకి టేపేంటి, చోద్యం కాకపోతే!" అంటుంది. సెలవులకు చాలా ముందే ఒక ఆదివారం అందర్నీ భోజనానికి పిలుస్తుంది. గుమ్మంలోనే ఒక్కొక్కరినీ దగ్గరకు తీసుకుంటుంది. మామూలు కంటే కాసేపు ఎక్కువగా. ఆ కాసేపట్లో ఆవిడ చెయ్యి వీపు మీద జాన జానగా నడుస్తుంది. ఈ భుజం నుంచి ఆ భుజానికి, మెడ నుంచి నడుముకు. పెదవులు చప్పుడు లేకుండా లెక్కపెడుతుంటాయి.

బహుమతి రహస్యంగా ఉండాలని ఆవిడ తాపత్రయం. ఆ రహస్యం ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలుసు గనకే అందరూ పొట్ట లోపలికి లాగి, ఊపిరి బిగపట్టి నిలబడతారు! లావయ్యావని అక్క చేత అనిపించుకోవడం ఎవరికి ఇష్టం? కళ్లజోళ్లాయన బిగపడతాడు. ఆయన తమ్ముడు బిగపడతాడు. తమ్ముడి భార్య బిగపడుతుంది. వాళ్ల పిల్లలు పెద్దవాళ్లను చూసి, ఎందుకో తెలియకుండానే బిగపడతారు. ఊపిరి తీసుకోని ఒక కుటుంబం కోసం అక్క వారాల తరబడి పొరపాటన్నది లేకుండా అల్లుతుంది.

ఇందులో నష్టమేముంది? వాళ్ల గ్రూప్ ఫోటో మీరు చూడాలి! గుండీలు తెగి కెమెరాకు తగులుతాయని ఒక్కరూ గాలి పీల్చరు. ఆ ముఖాల్లో ఎంత గాంభీర్యం! ఆ స్వెటరులో ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదు. ఎవరూ గొంతెత్తి పోట్లాడలేదు, పోట్లాటకు చాలా గాలి కావాలి. ఇక అక్క కుట్టిచ్చిన ఫోన్ సంచీ ఎంత మందమంటే, లోపల ఫోన్ మోగినా బయటికి వినబడదు. లోన్ కావాలా సార్ అని అడిగేవాళ్లు విసిగిపోయి కళ్లజోళ్లాయన్ని వదిలేశారు. మనశ్శాంతి ఇంకెలా ఉంటుందండీ?

ఈ సుఖం చూసి ఓర్వలేకపోయింది తమ్ముడి భార్య.

"వదినా, ఈ ఏడు మీరేం అవస్థ పడకండి. అందరి సైజులూ ఫ్యామిలీ గ్రూపులో పెట్టించేస్తాను. చూసుకుని అల్లేయడమే. భోజనాలు కూడా ఎందుకు, మీకు శ్రమ" అంది ఫోన్లో.

"అలాగేలే" అంది అక్క.

తర్వాత తమ్ముడి భార్య కళ్లజోళ్లాయనకు ఫోన్ చేసింది. "బావగారూ, మీరూ పెట్టండి. మీరైతే పక్కాగా ఇస్తారు."

పక్కా మనిషి కదా, ఇచ్చాడు. నిలువుటద్దం ముందు నిలబడి ఛాతీ, చేతులు కొలుచుకున్నాడు. వీపు దగ్గరికొచ్చేసరికి టేపు రెండో కొస పట్టుకునే మనిషి లేదు. ఆ కొసను తలుపు గడియకు కట్టి, అటు తిరిగి ఇటు తిరిగి, చివరికి సాధించాడు. ఎంత తెలివి అని తనను తనే మెచ్చుకున్నాడు.

స్వెటర్లు కొరియర్‌లో వచ్చాయి. సరిపోయాయి! ఎవరింట్లో వాళ్లు వేసుకుని, ఎవరి ఫోటో వాళ్లు గ్రూపులో పెట్టారు. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. తమ్ముడు రెండోసారి వడ్డించుకున్నాడు.

కళ్లజోళ్లాయన అద్దంలో చూసుకున్నాడు. భుజం భుజం మీదే ఉంది, అంచు నడుం మీదే ఉంది. లోపం వెతికాడు. దొరకలేదు. అలవాటుగా ఊపిరి బిగపట్టి, ఇక అవసరం లేదని గుర్తొచ్చి వదిలాడు. ఒక మనిషి చెయ్యి తన వీపు మీద పడి ఎన్నాళ్లయిందా అని ఆలోచించాడు. పోయినేడు అక్క భోజనానికి పిలిచిన ఆదివారం దాకా వెళ్లి ఆలోచన ఆగింది. దానికి ఇటువైపు ఏమీ లేదు.

మిట్టమధ్యాహ్నం స్వెటరు విప్పకుండానే దుకాణానికి తాళం వేసి, అక్క ఇంటికి బస్సెక్కాడు.

"ఏరా, చెప్పాపెట్టకుండా?" అంది అక్క, సోఫాలోంచి. చేతిలో ఏదో అల్లిక నడుస్తోంది.

"ఇది నాకు బిగుతుగా ఉందక్కా."

"ఎక్కడ?"

"వీపు దగ్గర."

"నిక్షేపంగా ఉంది కదరా! నీ షాపులో అంటించిన బొమ్మలో మనిషిలా ఉన్నావు."

"చూసేవాళ్లకి తెలీదు. వేసుకున్నవాడికి తెలుస్తుంది."

"సైజు నువ్వు పంపిందేగా?"

"తప్పు పంపాను."

"ఊళ్లోవాళ్ల ముక్కులన్నీ కొలిచేవాడివి, నీ ఒళ్లు నువ్వు తప్పు కొలిచావా?"

"నా వీపు నాకెలా అందుతుంది?"

అక్క సూదులు పక్కన పెట్టింది. వరస మధ్యలోనే పెట్టేసి లేచింది.

"ఏమైందే?" అన్నాడు ఆవిడ భర్త లోపలి గదిలోంచి.

"వీడికి స్వెటరు సరిపోలేదట!" అని అక్క కేకేసింది. మాట వినబడకుండా గొంతు మాత్రమే విన్నవాళ్లయితే, ఇంట్లో ఏదో శుభవార్త అనుకునేవాళ్లు.

అందుకే చెబుతున్నాను, ఈ సెలవులకు మీ సైజులు ఎవరికీ ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే, బిగుతుగా ఉందని అబద్ధమాడండి. పాపమొస్తే నా ఖాతాలో వేయండి!

"ఇటు రా" అంది అక్క. చెయ్యి ఒక భుజం దగ్గర బయలుదేరింది. ఆయన ఈసారి ఊపిరి బిగపట్టలేదు. జాన జానగా నడిచి, రెండో భుజం దాకా వచ్చి, ఆ చెయ్యి ఆగిపోయింది.

"కదలకు" అంది, ఏనాడూ లెక్క తప్పని అక్క. "లెక్క తప్పింది. మళ్లీ మొదట్నుంచి చూడాలి."