మేసిన ఆఫీసరూ, అక్రోటు రొట్టె

లోకంలోని ఆఫీసులన్నిటిలోకీ లంచం అడగకుండా, రేపు రమ్మనకుండా పనిచేసేది ఒక్కటే. అది మన చర్మం కింద ఉంది. దాని పేరు మాస్ట్ కణం. మాస్ట్ అంటే జర్మను భాషలో మేపడమట. లోపల కిక్కిరిసిన గింజలు చూసి, వీడెవడో బాగా మేసినవాడని శాస్త్రవేత్తలు అనుకున్నారట. (ఆఫీసరును చూడగానే ఆ అనుమానం రావడం ఏ దేశంలోనైనా సహజమే.)

నిజానికి ఆయన మేయలేదు, దాచాడు. చర్మం, ముక్కు, గొంతు, పేగులు, సరిహద్దు ఎక్కడుంటే అక్కడ ఆయన చౌకీ. గోదాములో హిస్టమిన్ మూటలు, ట్రిప్టేస్, కైమేస్ అనే మాంసకృత్తుల కత్తెరలు. పేగులో పురుగు దూరినా, పాము కరిచినా ముందు లేచేది ఆయనే. గుమ్మానికి ఐజీఈ అనే ఇంకో మాంసకృత్తు ఫిర్యాదు పత్రాల్లా వేలాడుతుంటుంది. ఒక్క ఫిర్యాదుకి ఆఫీసు కదలదు. పక్కపక్క రెండు ఫిర్యాదులు ఒకే ఆసామీని పట్టుకున్నాయా, గోదాము తలుపులు భళ్ళున తెరుచుకుంటాయి. విచారణ లేదు, అప్పీలు లేదు.

నా భార్య సైకల్ ఒంట్లో ఆ ఆసామీ పేరు అక్రోటు. అక్రోటు అడవుల్లో పుట్టిన కిర్గిజు మనిషికి ఇంతకన్నా అమర్యాద ఉండదు.

ఇక రెండో ఆఫీసు మా మర్యాద. ఇంటికొచ్చినవాడు రొట్టె తుంచి నోటికి తాకించకుండా గడప దాటకూడదు. 'ఓజ్ తీ', అంటే నోటికి తాకించు, అంటాం. ఆకలి లేదన్నా, తొందరన్నా చెల్లదు. (చచ్చినవాడికి మినహాయింపు ఉంది. వాడి తరఫున మిగతావాళ్ళు తింటారు.)

మా అమ్మాయి జిబెక్ సంబంధం ఖాయం చేసుకోవడానికి వియ్యాలవారింటికి వెళ్ళాం. చేసుకుంటే ఆ కుర్రాణ్ణే అని జిబెక్ భీష్మించుకుంది. కుర్రాడి తల్లి ఉమ్సునాయ్ అక్రోటు పొడి కలిపిన రొట్టె మా ముందు పెట్టింది.

"వదినగారూ, నోటికి తాకించండి."

"వద్దు వదినా, నాకు అక్రోటు పడదు. గొంతు మూసుకుపోతుంది."

"రొట్టె పడకపోవడమేంటి తల్లీ! మనుషులు పడకపోతే అది చెప్పు. మా తాత రోజూ ఇదే తిని తొంభై ఏళ్ళు బతికాడు."

"ఆయన గొంతు వేరు కదమ్మా" అన్నాను.

"మీరాగండి అన్నయ్యగారూ. తినమన్నానా? తాకించమన్నాను. మా గడప నచ్చలేదంటే ఆ ముక్క చెప్పి లేవండి."

జిబెక్ తన తల్లి మొహం చూసింది. తల్లి జిబెక్ మొహం చూసింది. గోరంత తుంచి నాలుక మీద వేసుకుంది.

మాస్ట్ కణం మర్యాద తెలియని ఉద్యోగి. తాకించడానికీ తినడానికీ తేడా ఆయన నిబంధనల్లో లేదు. టీ చల్లారేలోపు సైకల్ పెదవులు బూరెల్లా పొంగాయి. ఒళ్ళంతా దద్దుర్లు. ఊపిరి ఈల వేసింది.

"నటిస్తోంది" అంది ఉమ్సునాయ్. కళ్ళు తేలేయడం చూశాక, "దిష్టిరా! అర్చా కొమ్మ ముట్టించండి!" అని కేకేసింది. ఊపిరాడని మనిషికి అర్చా అనే కొండచెట్టు పొగ పెట్టడం మా ప్రథమ చికిత్స.

ఆ పొగలోంచే సైకల్‌ని ఎత్తుకుని నా వ్యాన్‌లో పడేసుకున్నాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక్క మాట అడగకుండా తొడలోకి అడ్రినలిన్ సూది గుచ్చింది. సైకల్ ఊపిరి తిరిగి దారిన పడింది.

మర్నాడు ఉమ్సునాయ్ వచ్చింది. డాక్టరమ్మను పక్కకు పిలిచింది. "నిజంగా జబ్బేనా? లేక మా సంబంధం ఇష్టంలేకనా?"

"రక్తంలో ట్రిప్టేస్ బాగా పెరిగింది పెద్దమ్మా. మాస్ట్ కణాల గోదాము తెరుచుకుందనడానికి అదే సాక్ష్యం. నటిస్తే పెరగదు."

"అయితే అవమానం కాదన్నమాట" అంది ఉమ్సునాయ్, కొండంత బరువు దిగినట్టు. సంబంధం ఖాయమైంది. తెల్లగడ్డాల పెద్దలు కూర్చుని, సైకల్‌కు అక్రోటు నుంచి శాశ్వత మినహాయింపు ప్రకటించారు.

మావాళ్ళను మొండివాళ్ళనడం అన్యాయం. ఆడమనిషి వద్దంటే మేమూ నమ్ముతాం. కాకపోతే ముందు ఆమె ఊపిరి ఆగాలి.