ఏడో నంబరు జేబు

మన్యంలో మనిషిని బతికించేది మందు కాదు. పంట్లాము!

నవ్వకండి. ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు. విజయనగరంలో ఎఫ్.ఏ. చదివి, అరకు లోయలో కొండదారుల క్యాంపుకు గుమాస్తాగా వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళలో జ్వరాలు చూశాను, జలగలు చూశాను, పై ఆఫీసు ఉత్తరాలు చూశాను. అన్నిటికీ ఎదురు నిలిచింది ఒక్క పంట్లామే. అదీ మీరనుకునే రెండు జేబుల పంట్లాము కాదు. పదకొండు జేబులది!

మీరు మైదానంలో పంచె కట్టుకుని, అరుగు మీద కూర్చుని, "పదకొండెందుకయ్యా?" అంటారు. ఎందుకా? రెండు జేబులవాడికి జీవితంలో ఒక్కటే అనుమానం: వస్తువు కుడివైపుందా, ఎడమవైపుందా? పదకొండు జేబులవాడి బుర్రకి ఎంత సాము! వాడు అగ్గిపెట్టె వెతుక్కునేలోగా చుట్ట తాగాలన్న కోరికే చచ్చిపోతుంది. దురలవాట్లు మాన్పడానికి ఇంతకన్న సులువైన ఉపాయం ఎవరైనా చెప్పారా?

సంగతి మొదటినుంచి చెబుతాను.

రెండేళ్ళ కిందట పై ఆఫీసుకు క్వినైను కావాలని ఇండెంటు రాశాను. వానలు రాబోతున్నాయి, దారి పని చేసేవాళ్ళు ఇప్పుడే చలిజ్వరంతో వణుకుతున్నారు, నాలుగు సీసాలైనా పంపండి అని. జవాబు లేదు. మళ్ళీ రాశాను. మూడోసారి రాస్తే జవాబొచ్చింది. ఎంత దయగల జవాబో చూడండి: "కొండదారుల్లో టపా మోసే బంట్రోతుల కాళ్ళకు రక్షణ లేదని మా దృష్టికి వచ్చినది. దృఢమైన పంట్లాములు మంజూరు చేయ నిశ్చయించితిమి. గుడ్డయు, జేబుల నమూనాయు మీరే పరీక్షించి తెలుపవలెను. మందు జేబు తప్పనిసరి."

మందు జేబు అని ఉంది. మందు అని లేదు. కాని ఏ పనైనా వరస ప్రకారం జరగాలి కదా! ముందు జేబు, తరువాత మందు. ముందు ఉయ్యాల, తరువాత బిడ్డ.

కమిటీ కూర్చుంది. కమిటీ అంటే మా క్యాంపు దొరగారు, దర్జీ పైడయ్య, నేను. పైడయ్య శృంగవరపుకోట నుంచి కుట్టుమిషను కావిట్లో మోయించుకుని ఘాటెక్కి వచ్చిన మనిషి. పంట్లాము తొడుక్కునే భారం మాత్రం టపా బంట్రోతు సోంబరు మీద పడింది. సోంబరుది ముంచింగిపుట్టు పోయే దారిలో ఒక కొండ ఊరు. పన్నెండేళ్ళుగా గోచీతో టపా మోస్తున్నాడు. ఒక్క ఉత్తరం పోలేదు, ఒక్క రోజు ఆలస్యం కాలేదు. ఇలాంటివాణ్ణి సంస్కరించకపోతే ఎవర్ని సంస్కరిస్తాం?

మొదటి పంట్లాము చూసి సోంబరు చుట్టూ తిరిగాడు.

"ఇదేటి బావూ, రెండు సంచులు కలిపి కుట్టేసినారు?"

"సంచులు కావెహె! నీ కాళ్ళకి ఇళ్ళు," అన్నాడు పైడయ్య.

"ఇన్ని తలుపులేటి మరి?"

"జేబు మూతలవి. పదకొండున్నాయి."

"నా ఇంటికి ఒకటే తలుపు, దర్జీ బావూ. దానికీ గడియ నేదు," అన్నాడు సోంబరు, జాలిగా పంట్లాము వంక చూస్తూ.

గుడ్డల పరీక్ష మొదలైంది. తొలి నమూనా కాన్వాసు, గుడారాల గుడ్డ. పైడయ్య నాలుగు సూదులు విరగ్గొట్టి కుట్టాడు. కుట్టి నేలమీద పెడితే, లోపల మనిషి లేకుండానే నిలబడింది! పొద్దున్నే వచ్చిన సోంబరు దూరం నుంచే దానికి దండం పెట్టాడు. కొత్త అధికారి వచ్చాడనుకున్నాడట, పైభాగం వెనక బండిలో వస్తోందనుకున్నాడట. తొడుక్కున్నాక కూర్చోలేడు, వంగలేడు. బంట్రోతు కూర్చోవడానికి వీల్లేని గుడ్డ ఇన్నాళ్ళకు దొరికిందని దొరగారు ఎంతో సంతోషించారు. కాని మోకాలు మడవక, కొండ దిగడానికి సోంబరు దొర్లవలసి వచ్చింది. దొర్లితే టపా బేగి చేరుతుందని నేను నోటు రాశాను. ఎందుకో దొరగారు ఒప్పుకోలేదు.

రెండోది కార్డురాయి, చారలు చారలుగా నేసిన మందపు గుడ్డ. నడుస్తుంటే రెండు తొడలూ రాసుకుని జర్రు జర్రుమని చప్పుడు. ఆ చప్పుడుకి ఎలుగుబంటి హడలిపోతుందని దొరగారి అంచనా. ఎలుగుబంటి హడలలేదు. తన పిల్లే పిలుస్తోందనుకుని రెండు మైళ్ళు వెంట వచ్చింది. వాన తగిలితే ఆ గుడ్డ తాగిన నీళ్ళకు లెక్క లేదు. సోంబరు గెడ్డ దాటి అవతలి గట్టెక్కేసరికి గెడ్డలో నీళ్ళు జానెడు తగ్గాయని పైడయ్య నేటికీ ఒట్టేసి చెబుతాడు.

తరువాత పైడయ్యే జంకుతూ పొందూరు ఖద్దరు ముక్క ఒకటి బల్లమీద పెట్టాడు. "సల్లగుంటాది, గట్టిగుంటాది, మన జిల్లాదే బాబూ," అన్నాడు. దొరగారు ఆ ముక్కను చేత్తో ముట్టలేదు, కర్రతో జరిపారు. గుడ్డ మంచిదే గాని, ఆ పంట్లాము ఏదో ఒకనాటికి జైలుకి పోతుందనీ, లోపలున్న బంట్రోతును కూడా తీసుకుపోతుందనీ వారి భయం.

చివరికి ఖాకీ డ్రిల్లు గుడ్డ ఖాయమైంది. అది ముల్లును ఆపదు, జలగను ఆపదు, వానను ఆపదు. కాని ఎంత మట్టి అయినా తెలియదు! సర్కారుకు కావలసిన గుణం అంతకన్న ఏముంది?

ఇక జేబులు. మొదటి రెండూ చేతులు పెట్టుకోవడానికి. చేతులు పెట్టుకుని కొండెక్కబోయి సోంబరు ముందుపళ్ళు రాలగొట్టుకునేవాడే, దుబ్బు పట్టి ఆపింది. మూడోది గడియారానికి. గడియారం ఇవ్వలేదు గనుక, ఎవరైనా వేళెంతయిందని అడిగితే సోంబరు ఆ జేబు మూత ఎత్తి, లోపలికి చూసి, తరువాత సూర్యుణ్ణి చూసి చెప్పేవాడు. దిక్సూచి జేబు వెనక, సరిగ్గా కూర్చునే చోట. కూర్చోగానే ఉత్తరం ఎటుందో గుచ్చి మరీ చెబుతుంది. పిక్క పొడుగునా అడుగుబద్దకు ఒకటి. ఏ జేబులో ఏముందో రాసిన జాబితా పదకొండో జేబులో ఉంటుంది. పదకొండో జేబు ఎక్కడుందో ఆ జాబితాలో రాసి ఉంటుంది! ఇంత ఏర్పాటు మన పూర్వులు కలలోనైనా ఊహించారా?

ఏడో నంబరు మందు జేబు. కుడికాలి పిక్కకు లోపలివైపు, రెండు మూతలు, రెండు ఇత్తడి గుండీలు. పైడయ్య తన పనితనమంతా అక్కడ చూపించాడు.

ఆఖరి పరీక్ష ఒకటే మిగిలింది. సోంబరు పదకొండు జేబులూ నింపుకుని ముంచింగిపుట్టు దారిన పోయి, ఎనిమిది రోజుల్లో తిరిగి రావాలి. తెల్లవారితే ప్రయాణమనగా సోంబరు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బావూ, నా ఆడది పడిపోనాది. మూడు దినాలైంది. ఒకటే ఒణుకు. పిలిస్తే పలకట్నేదంట. సంతకొచ్చినోళ్ళు సెప్పినారు."

ఆ ఆడమనిషి పేరు సోములమ్మ. రెండుసార్లు మా ఇంటికి పనసకాయలు తెచ్చి ఇచ్చింది.

"మీ ఊరు దారిలోనే కదా. ఎల్లుండి పొద్దుగూకేలోగా చేరతావు," అన్నాను.

"సేరతాను. ఉత్త సేతుల్తో సేరి ఏటి సేసేది బావూ?"

మూడు నెలలు కూర్చుని పదకొండు జేబులు ఖాయం చేసినవాణ్ణి నేను. సొరుగు లాగాను.

నా సొరుగులో ఒక పొట్లం ఉంది. పన్నెండు క్వినైను బిళ్ళలు. మూడేళ్ళ కిందట మా ఆవిడ కోసం విశాఖపట్నం నుంచి తెప్పించాను. ఘాటెక్కి రావడంలో అది ఒక్కరోజు ఆలస్యమైంది. అప్పటినుంచి సొరుగు తీసినప్పుడల్లా దాన్ని పక్కకి జరిపి కలం తీసుకునేవాణ్ణి. ఆవేళ జరపలేదు. తీశాను.

"పొద్దు పొడిస్తే ఒకటి, నెత్తిమీదికొస్తే ఒకటి, కుంకితే ఒకటి. నాలుగు రోజులు," అని చెప్పాను.

సోంబరు నడుముకున్న నార తాడు తీసి, నా ఎదుటే పన్నెండు ముడులు వేశాడు. కొండవాళ్ళకి పెళ్ళి పిలుపైనా ఇంతే. ఎన్ని రోజులుంటే అన్ని ముడుల తాడు పంపుతారు. రోజుకొకటి విప్పుతారు. ముడులైపోయిన నాడు పెళ్ళి.

సరిగ్గా అప్పుడే దొరగారు లోపలికి వచ్చారు. పొట్లం చూసి వారి ముఖం వికసించింది. మందు జేబుకి నిజమైన మందు! అంతవరకు ఏం పెట్టి పరీక్షించాలో తోచక గులకరాయి పెడదామనుకుంటున్నారట. తామే స్వయంగా పొట్లం సోంబరు తొడుక్కున్న పంట్లాము ఏడో జేబులో పెట్టి, గుండీలు పెట్టి, మూత మీద లక్క కరిగించి ముద్ర వేశారు. ఎనిమిది రోజులు గడిచి తమ ఎదుట విప్పేవరకు ముద్ర చెదరరాదనీ, చెదిరితే సోంబరుకు ఉద్యోగం ఉండదనీ హుకుం చేసి వెళ్ళారు. వెంట పరుగెత్తి సోములమ్మ సంగతి చెప్పాను. అందుకే మందు భద్రంగా ఉండాలన్నారు!

మీరే చెప్పండి, మందును ఇంతకన్న భద్రంగా ఎవరు దాచగలరు? రోగికి కూడా దొరకదు!

నేను తిరిగి వచ్చేసరికి సోంబరు తన కాలి మీద ముద్ర వంక చూస్తూ కూర్చుని ఉన్నాడు. మూలన మిషను దగ్గరున్న పైడయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఏడో జేబు అడుక్కుట్టు వొదులైనట్టుంది బాబూ. ఓపాలి సూసి బిగించేత్తాను," అని సోంబరు పిక్క దగ్గర చతికిలబడి, పళ్ళతో టక్కున ఏదో కొరికాడు. తరువాత పెద్ద పెద్ద అంగలతో నాలుగు కుట్లు వేశాడు.

"ఒరే సోంబరూ, ఈ దారప్పోగు ఏలాడతంది సూడు. ఇది గాని లాగినావా, అడుగు మొత్తం ఊడిపోద్ది. నేను లాగమన్నేదు సుమా!"

"నాకేటీ ఇనపడ్నేదు, దర్జీ బావూ."

"నీ తలపాగాలో సూదీ దారం గుచ్చినాను. అదీ నీకు కనపడదు."

నేనా? కలం మంచినీళ్ళ చెంబులో ముంచుకుని... కాదు, సిరాబుడ్డిలో ముంచుకుని, ఏదో రాసుకుంటున్నాను. సర్కారు నౌకరుకి చూపు ఎప్పుడు తిప్పుకోవాలో తెలిసి ఉండాలి.

ఎనిమిది రోజులు వాన. పగలు ఫైళ్ళు తిరగేసేవాణ్ణి, సాయంత్రం వాకిట్లో నిలబడి దారి చూసేవాణ్ణి. పైడయ్య మిషను తొక్కుతూ, నేనడగకుండానే, "వొచ్చేత్తాడు బాబూ," అనేవాడు. గంటకోసారి అనేవాడు. అదొక ఉపకారం.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం సోంబరు వచ్చాడు. పంట్లాము మీద ఒక్క చిరుగు లేదు. ఒక్క దారం లేవలేదు. దొరగారు భూతద్దం పెట్టి వెతికారు. కొండముళ్ళన్నీ ఈ గుడ్డకు లొంగిపోయాయని రాసుకోమన్నారు. రాసుకున్నాను.

తరువాత ముద్ర. చెదరలేదు. పగలగొట్టి, మూతలెత్తి, పొట్లం తీశారు. తడిసిన కాగితం విప్పకుండానే వేళ్ళతో తడిమి లెక్కపెట్టారు. పన్నెండుకి పన్నెండు! పైగా అంత వానలో ఒక్కటీ కరగలేదు. ముందుకన్న గట్టిపడ్డాయని కూడా వారికి తోచింది. గట్టిపడవూ మరి! గెడ్డలో ఏరిన తెల్ల గులకరాళ్ళు ఏ వానకు కరుగుతాయి?

దొరగారు వెళ్ళాక సోంబరు నార తాడు తీసి నా బల్లమీద పరిచాడు. ఒక్క ముడి లేదు. సాఫుగా, కాగితం మీద గీసిన గీతలా ఉంది.

"మూడోనాడు లెగిసి కూకుంది బావూ. అంబలడిగింది. ఉప్పేసినావు కావురా ఎదవా అని తిట్టింది కూడాను."

ఉప్పు తక్కువైందని తిట్టే మనిషి ఇంట్లో ఉండటం! ఆ తిట్టు మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను. చెప్పాడు.

"మరి పంట్లాము చిరగలేదేమిరా?" అన్నాను.

"తొడిగితే గదా సిరిగేది! మలుపు తిరగ్గానే ఇప్పేసినాను. కాళ్ళు రెండూ ముడేసి, నిండా చోళ్ళ గింజలు పోసి మెడమీదేసుకున్నాను. సంచులే గదా బావూ, నేను ముందే సెప్పినాను. బలే మోత్తాయి."

చూశారా పంట్లాము మహిమ! మనిషి తప్ప ఏదైనా పడుతుంది అందులో!

రిపోర్టు పైకి వెళ్ళింది. నలభై పంట్లాములు వారంలో మంజూరయ్యాయి. దానితోపాటే నా పాత ఇండెంటుకు కూడా, రెండేళ్ళ తరువాత, జవాబొచ్చింది. "పరీక్షార్థము పంపిన క్వినైను బిళ్ళలు పన్నెండును వాడబడక తిరిగి వచ్చినట్లు మీ రిపోర్టువలననే తెలియుచున్నది. కావున ఆ ప్రాంతమున ఈ మందు అవసరము కనబడదు."

ఆ రిపోర్టు నా దస్తూరీలోనే ఉంది. ఏమనగలను? గులకరాళ్ళని చెబితే సోంబరు ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే వచ్చే వానల్లో నలభైమంది బంట్రోతులు, నలభై ఖాళీ మందు జేబులు. అందుకే అంటున్నాను, పంట్లామే దిక్కు! పంట్లాముకు కావలసింది ఏదైనా ఇట్టే మంజూరవుతుంది. ఖాకీ వచ్చింది, దారం వచ్చింది, ఇత్తడి వచ్చింది.

రెండు రోజులు ఆలోచించి, కొత్త ఇండెంటు రాశాను. పంట్లాములకు కావలసిన సరంజామా కింద, దారపు ఉండల తరువాత, సూదులకు ముందు ఒక పంక్తి చేర్చాను: "ఏడో నంబరు జేబు నిమిత్తము తెల్లని గుండీలు, పంట్లాము ఒకటికి పన్నెండు. రుచి చేదుగా ఉండవలెను. మందుల కొట్టున దొరకును."

నిన్ననే పై ఆఫీసు నుంచి టపా వచ్చింది. మోసుకొచ్చినవాడు సోంబరే, గోచీతో. అభ్యంతరమేమీ లేదు. ఒక్క వివరం మాత్రం అడిగారు. గుండీలు రెండు కన్నాలవా, నాలుగు కన్నాలవా?

కన్నాలు లేనివి, బేగి పంపండి, అని రాశాను.