సింగన్నకు డీజే వైద్యం

డీజేను నిషేధించాలని అర్జీలు పెట్టే పెద్దమనుషులకు నాదొక ప్రశ్న. మీ ఇంట్లో పిరికి కుక్క ఉందా? లేదు కదా! మరి డీజే విలువ మీకెలా తెలుస్తుందండీ?

నేను అనుభవం మీద చెబుతున్నాను. డీజే అంటే గోల కాదు, వైద్యం. చీటీ రాయించుకోవాల్సిన పనిలేదు, లైన్లో నిలబడాల్సిన పనిలేదు. ఇంటి ముందుకే లారీలో వస్తుంది. వద్దన్నా చేసి పోతుంది. ఇంతటి ప్రజాసేవను పట్టుకొని న్యూసెన్స్ అంటారా?

ఈ జ్ఞానం నాకు మా సింగన్న వల్ల కలిగింది. పేరు చూసి సింహం అనుకునేరు, అది మా కుక్క. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్ల వెనక, సగం చెక్కి వదిలేసిన నరసింహస్వామి విగ్రహం చాటున వణుకుతూ దొరికింది. అందుకే ఆ పేరు. మా అమ్మాయి నిత్య దాన్ని చూశాక అక్కడి నుంచి అడుగు కదపలేదు. షెడ్డు యజమాని సంజీవయ్య మాకు దండం పెట్టినంత పని చేశాడు.

"తీస్కపోండి సామీ, పుణ్యముంటాది. యాడనుంచి వచ్చిందో ఏమో! రాయి కోసే మిషన్ ఏస్తే సాలు, వణికి సస్తాండాది. ఈడుంటే బతకదు."

అలా ఒక మూగజీవాన్ని ఆళ్లగడ్డ రొద నుంచి కాపాడి, ప్రశాంతమైన నంద్యాలకు తీసుకొచ్చాం. దయచేసి ఇక్కడ ఎవరూ నవ్వకండి.

ఆళ్లగడ్డలో ఉన్నప్పుడు దానికి ఒకటే భయం, రాతి మిషన్. నంద్యాల వచ్చాక దాని లోకజ్ఞానం పెరిగింది. మొదట డీజే. మా వీధిలో పెళ్లికి డీజే, ఓణీల ఫంక్షన్‌కు డీజే, వినాయకుడు వస్తే డీజే, పోతే డీజే, ఎవరైనా కొత్త ట్రాక్టర్ కొంటే దానికీ డీజే. తర్వాత ఆ బండి వెనక పేల్చే టపాకాయలు. ఆ తర్వాత మైకు కట్టుకొని తిరిగే ఆటో. అటుపైన మా ఇంటి కుక్కర్ విజిల్. ఆఖరికి ఫ్లెక్సీలు!

ఫ్లెక్సీ అరవదు కదా అంటారా? సింగన్న తెలివి అక్కడే ఉంది. మా వీధి మొదట్లో యువనాయకుడు నమస్కారం పెడుతున్న ఫ్లెక్సీ లేచిందంటే, రేపో ఎల్లుండో డీజే తప్పదని అది కనిపెట్టింది. ఆ బొమ్మ కనబడగానే దాని తోక కాళ్ల మధ్యకు పోతుంది. ఇన్నిసార్లు ఓట్లేసిన మనకు ఆ మాత్రం ముందుచూపు ఎప్పుడైనా ఉందా?

పిరికి కుక్క వల్ల లాభాలు అన్నీ ఇన్నీ కావు. మా మంచాల కింద దుమ్ము ఉండదు, సింగన్న పొట్టతో తుడిచేస్తుంది. పాలవాడికీ కొరియర్ వాడికీ ప్రాణభయం లేదు. దొంగకు కూడా లేదు.

కానీ అది అన్నం ముట్టడం మానేసిన రోజు నుంచి నాకు నవ్వు రాలేదు. పక్కటెముకలు బయటపడ్డాయి. నిత్య బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి పడేసి, మంచం కింద దూరి, దాని రెండు చెవులూ చేతులతో మూసి పడుకునేది.

దానికి తోడు ఇంటి ఓనరు కొండమ్మ గారు మెట్లెక్కి పైకి వచ్చారు.

"ఏందీ సార్ ఇది! మీ కుక్క మూలుగుతాంటే నాకు కంటిమీద కునుకు ల్యాకుండా పోయింది."

"డీజే మోగుతుంటే నిద్ర పడుతుందా అమ్మా?"

"అది సంబరం గదా! కుక్క మూలిగితే కొంపకు అరిష్టం. ఆయప్ప బర్త్‌డే అయ్యేలోపల దాన్ని బాగు చేయించుకోండి. ల్యాకుంటే ఆళ్లగడ్డకే పంపీయండి."

ఆయప్ప అంటే ఫ్లెక్సీలోని యువనాయకుడు. ఆయన పుట్టినరోజు దగ్గర్లోనే ఉంది.

నిత్య ముఖం చూడలేక పశువుల డాక్టర్ లూదియా గారి దగ్గరకు పరుగెత్తాను. ఆమె అప్పుడే ఒక గేదెకు ఇంజెక్షన్ వేసి చేతులు కడుక్కుంటున్నారు. చెప్పిందంతా ఓపికగా విన్నారు.

"డీజే శబ్దం ఫోన్లో రికార్డ్ చేయండి. సన్నగా, వినీ వినిపించనట్టు పెట్టి, ఒక చికెన్ ముక్క ఇవ్వండి. అది తింటే మర్నాడు సౌండ్ రవ్వంత పెంచండి. మళ్లీ ముక్క ఇవ్వండి. శబ్దం మోగుతుండగా ముక్క తినిందంటే భయం పోతాందని అర్థం. తినకపోతే మీరు తొందరపడినట్టు. నయమయ్యే దాకా అసలు డీజే మాత్రం దాని చెవిన పడకూడదు సార్. పడితే మొదటికొస్తాది."

ఇది వింటుంటే నాకు జ్ఞానోదయమైంది. ఈ వైద్యం నాకు కొత్తది కాదు! నంద్యాలలో నాకు చిన్నప్పటి నుంచీ జరుగుతున్నదే!

మీరే చూడండి. మొదట్లో పెళ్లింటి ముందు ఒక గుంజకు ఒక మైకు కట్టేవారు. మన చేతిలో లడ్డూ పెట్టారు, తిన్నాం. తర్వాత రెండు సౌండ్ బాక్సులు వచ్చాయి. పులిహోర పొట్లం ఇచ్చారు, తిన్నాం. ఆటో నిండా బాక్సులు వచ్చాయి, తర్వాత లారీ నిండా వచ్చాయి. ఇప్పుడు కిటికీ అద్దాలు దడదడలాడుతుంటే చేతిలో బిర్యానీ ప్యాకెట్ ఉంటుంది. ఎంత ఓపిక! ఎంత శాస్త్రీయం! మా వీధిలో పసిపిల్లలు ఇప్పుడు డీజే ఆగితే ఉలిక్కిపడి లేస్తున్నారు. గుండె ఆపరేషన్ అయిన మా ఎదురింటాయన బాల్కనీలో నిలబడి తాళం వేస్తున్నాడు. ఊరు ఊరంతా నయమైపోయింది. మిగిలింది సింగన్న ఒక్కటే.

సరే, మొదలుపెట్టాం. నా భార్య వినీత ఉప్పూకారం లేకుండా చికెన్ ఉడికించేది. నేను ఫోన్ పట్టుకునేవాణ్ణి. నిత్య ముక్క అందించేది. మొదట వాసన కూడా చూడని సింగన్న ఒక సాయంత్రం మెడ చాచి ముక్క అందుకుంది. తర్వాత టీవీ అంత సౌండ్‌కూ తినింది. కుక్కర్ విజిల్ వేస్తే తోక ఊపింది! నిత్య ఇల్లంతా గంతులేసింది. నేనూ వేశాను, కొండమ్మ గారు వినకుండా.

అంతలో ఫ్లెక్సీ లేచింది.

డీజే ఏర్పాట్లు చూసే త్రివిక్రమ్ దగ్గరకు పోయాను. మా ఇంటి ముందు దాటేటప్పుడు కాస్త తగ్గించమని బతిమాలాను.

"ఏందన్నా, కుక్క కోసరం అన్న బర్త్‌డే ఆపమంటాండావా?"

"ఆపొద్దు నాయనా, సౌండ్ తగ్గించు."

"సౌండ్ తగ్గిస్తే అన్నకు తక్కువ గదన్నా!" నా భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు మన మనిషివి. మీ ఇంటికాడ బండి ఇంకొంచేపు ఎక్కువే ఆపుతాలే."

మాట తప్పని మనిషి. పుట్టినరోజు సాయంత్రం లారీ మా గేటు ముందే ఆగింది. అద్దాలు మోగాయి, గోడకున్న గడియారం కింద పడింది. సింగన్న మంచం కిందకు దూరి గచ్చును గోళ్లతో గీరింది, ఉచ్చ పోసుకుంది, నోరు తెరిచినా గొంతులోంచి మూలుగు కూడా రాలేదు. నిత్య దాని మీద బోర్లా పడుకొని చెవులు మూసింది. ఆ రెండు ప్రాణాలూ అలా వణుకుతుంటే నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

తలుపు కొట్టిన చప్పుడు నాకు వినబడలేదు కానీ, త్రివిక్రమ్ మనుషులు లోపలికొచ్చి నా చేతిలో బిర్యానీ ప్యాకెట్ పెట్టి పోయారు.

డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. ఒక ముక్క తీసి మంచం కింద పెట్టాను. సింగన్న ముఖం తిప్పుకుంది. నిత్యకు చూపించాను. కళ్ల నిండా నీళ్లతో తనూ ముఖం తిప్పుకుంది.

ప్యాకెట్ చల్లారిపోతోంది. బయట డీజే మోగుతూనే ఉంది. నేను కూర్చుని తిన్నాను. గుడ్డుతో సహా తిన్నాను. బాగుంది.

లారీ కదిలాక నిత్య మంచం కింద నుంచి తల బయటపెట్టి, నా ముందున్న ఖాళీ ప్యాకెట్ కేసి చూసింది.

"నీకు బాగైపోయింది నాయనా," అంది.

కొండమ్మ గారు మర్నాడు పొద్దున్నే వచ్చి, ఆదివారం దాకా గడువిచ్చి పోయారు. సంజీవయ్యకు ఫోన్ చేశాను. "తెచ్చీయండి సామీ," అన్నాడు. "ఎంత మిషనైనా పొద్దుగూకితే ఆపేస్తాం గదా!"

ఆదివారం సింగన్నను ఆళ్లగడ్డకు తీసుకుపోతున్నాను. నిత్య కూడా తన బట్టల సంచి సర్దుకొని, దుప్పటి మడిచి పక్కన పెట్టుకుంది. తనూ ఆడనే ఉంటుందట. పాపం, ఆ పిల్లకు ఇంకా నయం కాలేదు.