పాయింట్ నాలుగు తేడా

టమాటాకు సోకిన వైరస్‌ను ప్రభుత్వం గుర్తించిందని వ్యవసాయ మంత్రిగారు మైకు ముందు ప్రకటించగానే హాలు దద్దరిల్లింది. ఆ వైరస్ గనక వింటే ఉబ్బితబ్బిబ్బయ్యేది. దాని బారిన పడిన రైతులందరికీ కొత్త నారు ఉచితమన్నారు. మరి మిరప మాటేమిటని ఓ విలేకరి అడిగితే, దానిది వేరే వైరస్సనీ, దాంతో ప్రభుత్వానికి ఎలాంటి సంబంధాలూ లేవనీ సెలవిచ్చారు. టమాటా రైతులు ఆయనకు ఓటేశారు, మిరప రైతులు వేయలేదు. రెంటికీ ముడిపెట్టేవాళ్లు గిట్టనివాళ్లు.

వెనక వరసలో ప్రభుత్వ ల్యాబు శాస్త్రవేత్త ఒకావిడ కూర్చుని ఉంది. ఆవిడ అన్నయ్యది మిరప తోట. ఎక్కడ చూసినా ఆకుముడతే. కొత్త నారు రాకపోతే ఈ ఏడు పొలం బీడే. ఆవిడ పంతం పట్టి రెండు పంటల ఆకులూ తెచ్చి, వాటిలోని వైరస్‌ల జన్యుక్రమాలను అక్షరం పక్కన అక్షరం పెట్టి పోల్చింది. తొంభై తొమ్మిది పాయింట్ ఆరు శాతం ఒకటే. ఎగిరి గంతేసినంత పనిచేసి, మంత్రిగారి దగ్గరికి పరుగెత్తింది.

మంత్రిగారు ఎంతో ఓపిగ్గా విన్నారు. విజ్ఞానమంటే ఆయనకు ప్రాణం. మైక్రోస్కోపు పక్కన నిలబడి కెమెరాలోకి చూస్తున్న ఆయన ఫోటో గోడకు వేలాడుతోంది.

"మిగతా పాయింట్ నాలుగు సంగతేంటమ్మా?"

పంట మారితే ఆమాత్రం తేడా మామూలేననీ, అంత దగ్గరగా ఉంటే ఒకే వైరస్ కింద లెక్కనీ ఆవిడ చెప్పింది.

"నేను గెలిచింది పాయింట్ మూడు శాతం ఓట్ల తేడాతో. అంతమాత్రాన నేనూ, ఓడిపోయినవాడూ ఒకటేనా?"

పక్కనున్న పీఏ ఆ వాక్యాన్ని భక్తిగా రాసుకున్నాడు.

అయినా ఆవిడ వదిలితేనా! ఆకుల్ని ఇంకో ల్యాబుకు పంపించింది. అక్కడా అదే తేలింది. సంగతి పేపర్లకెక్కింది. మంత్రిగారు మళ్లీ అదే హాల్లో, అదే మైకు ముందు, సత్యం ముందు పదవి ఏపాటిదన్నారు. రెండూ ఒకే వైరస్సని ఒప్పుకున్నారు. శాస్త్రవేత్తను వేదిక మీదికి పిలిచి పూలగుత్తి చేతికిచ్చారు. ఆవిడకు ఆనందంతో కళ్లు చెమర్చాయి.

"మిరపకు వేరే పథకం పెడదామనే అనుకున్నాం," అన్నారు మంత్రిగారు. "అది వేరే వైరస్ కాదని మేడమే తేల్చేశారు. ఈ వైరస్‌కు నారు ఆల్రెడీ ఇచ్చేశాం. ఒకే వైరస్‌కు రెండుసార్లు ఇవ్వడం నేరం."

చప్పట్లు ఆగకముందే ఆవిడ ఫోను మోగింది. అన్నయ్య. టీవీలో అంతా చూశాట్ట. బాగా చదువుకున్నందుకు చెల్లెల్ని మెచ్చుకున్నాడు, పూలగుత్తి బావుందన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ పాయింట్ నాలుగును కాస్త పెంచడానికి కుదురుతుందేమో చూడమ్మా."