నోరు మూసుకుని కట్టిన గది

మన ఊరి ప్రసూతి ఆసుపత్రి కట్టడం ఎందుకు ఆలస్యమవుతోందో తేల్చడానికి శాస్త్రీయ పరిశోధన జరిగిన సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. దానికి పునాది రాయి వేసిన ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు. వాళ్ళంతా ఇంకెక్కడో పుట్టారు, అది వేరే సంగతి. గిట్టనివాళ్ళు దీన్ని ఆలస్యం అన్నారు. విజ్ఞులు మాత్రం "కాలపరిమితి సానుకూలంగా విస్తరించింది" అని, ఆ విస్తరణను కొలవడానికి ఒక నిపుణుణ్ణి పిలిపించారు.

నిపుణుడు గారికి నిర్మాణ రంగ ఉత్పాదకత మీద పెద్ద పట్టా ఉంది. ఆయన పుట్టి బుద్ధెరిగి ఇటుక ముట్టుకోలేదు. ఆయన అర్హతల్లో ముఖ్యమైనది అదేనని కాంట్రాక్టరు గారు స్వాగత సభలో సెలవిచ్చారు. "ఇటుక మీద గానీ ఇసుక మీద గానీ ఈయనకు ఎటువంటి పక్షపాతమూ లేదు" అన్నారు. సభ కరతాళధ్వనులతో మారుమోగింది. మెడలో ఎప్పుడూ వేలాడే గడియారాన్ని చూసి కూలీలు ఆయనకు గడియారం సారు అని పేరు పెట్టారు. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించారు.

పరిశోధన ఖర్చు కాంట్రాక్టరు గారిది కనుక కాంట్రాక్టరు గారు పరిశోధన పరిధిలోకి రారు. సిమెంటు వేళకు రాకపోవడం ఆయన బావమరిది చూసుకునే వ్యవహారం. ఒకరి కుటుంబ విషయాల్లో తలదూర్చడం శాస్త్రానికి మర్యాద కాదు. ఇంజనీరు గారు నక్షాను మాటిమాటికీ మార్చడం సృజన కిందికి వస్తుంది. సృజనను కొలిచే పరికరం ఇంకా రాలేదు. ఇక మిగిలింది కూలీలు. దొరికితేనే దొంగ అన్నారు పెద్దలు. శాస్త్రం కూడా ఇంచుమించు అదే అంటుంది.

గడియారం సారు గొడుగు కింద కుర్చీ వేయించుకుని గోడ కట్టే చోట కూర్చున్నారు. అక్కడ మేస్త్రీ ఇటుకలు పేరుస్తున్నాడు. మేస్త్రీ భార్య తట్టతో సిమెంటు మాలు అందిస్తోంది. పెళ్ళయినప్పటి నుంచీ ఇద్దరూ ఇలాగే గోడలు కడుతూ పోట్లాడుకుంటున్నారు. పోట్లాడుకుంటూ గోడలు కడుతున్నారు.

"ఏమయ్యా, గోడ అటు పోతోంది చూడు."

"ఎటు?"

"ఎప్పుడూ నీ బుద్ధి పోయే వైపే."

"నువ్వు మాలు అందించవే. నా బుద్ధి సంగతి ఇంటికెళ్ళాక చూద్దాం."

ఈ సంభాషణ తర్వాత మేస్త్రీ గోడకేసి చూసి, ఇటుకను తాపీతో రెండు దెబ్బలు కొట్టి సరిచేశాడు. ఆ దెబ్బల్ని నిపుణుడు గారు లెక్కలోకి తీసుకోలేదు. మాటల్నే తీసుకున్నారు. ఈ కట్టడంలో ఇటుకల మీద ఇటుకలకన్నా మాటల మీద మాటలే ఎక్కువ పేరుస్తున్నారని ఆయన పరిశోధన తేల్చింది. ఆ మర్నాడే అందరినీ సమావేశపరిచారు.

"సోదరులారా! నోరు ఒక యంత్రం. అది తిరుగుతున్నంతసేపూ చేతులకు అందవలసిన శక్తిని తనే మింగేస్తుంది. నోరు మూయండి! జాతిని నిర్మించండి!"

కూలీల్లో సగం మంది ఆడవాళ్ళే. సోదరీమణులారా అని విడిగా పిలిస్తే ఉత్పాదకత తగ్గుతుంది కాబట్టి వాళ్ళను కూడా సోదరుల్లోనే సర్దుకోమన్నారు.

పని స్థలంలో మాట్లాడిన వారిని ఇంటికి పంపేస్తామని బోర్డు పెట్టారు. మేస్త్రీ మొదట గొణిగాడు. "నోరు విప్పకుండా గోడ కట్టడానికి అదేమన్నా సమాధా?" అన్నాడు. ఆ మాట పై వాళ్ళ చెవిన పడింది. వాళ్ళు ఆయన్ని శిక్షించలేదు. అంతకన్నా తెలివైనవాళ్ళు. ఆయన్ని "మౌన సమన్వయకర్త"గా నియమించి తెల్ల టోపీ ఇచ్చారు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య అడిగింది. "నా ఒక్కదాని నోరే మూయించలేకపోయావు. అంతమంది నోళ్ళు మూయిస్తావా?"

"తెల్ల టోపీ ఇచ్చారే. ఇంజనీర్లు పెట్టుకునేది."

"లోపల తల కూడా వాళ్ళదే ఇచ్చారా?"

మేస్త్రీ టోపీ తీసి గూట్లో జాగ్రత్తగా పెట్టాడు. జవాబు చెప్పలేదు. ఉద్యోగంలో చేరకముందే సాధన మొదలుపెట్టాడన్నమాట.

మౌనం అమలైంది. గోడలు లేచాయి. గడియారం సారు ఉత్పాదకతకు గీసిన గీత కాగితం దాటి పైకి పోతుంటే ఇంకో కాగితం అతికించవలసి వచ్చింది. పొరుగూళ్ళ పెద్దలు వచ్చి, చెవులు రిక్కించి, ఏమీ వినపడక పరవశించి వెళ్ళారు. ఒకనాడు పైనుంచి జారిన తట్ట కింద ఉన్న ఒక కూలీ భుజం మీద పడింది. అది జారడం పదిమందీ చూశారు. తప్పుకో అనే అధికారం మాత్రం ఎవరికీ లేదు. భుజం విరిగినా కిక్కురుమనని ఆ కార్మికుడికి ప్రశంసాపత్రం ఇచ్చారు. రెండో చేత్తో పుచ్చుకున్నాడు.

అప్పుడు పురుటి గది వంతు వచ్చింది. గదికి పైన చిన్న చిన్న వెంటిలేటర్లు, కింద పడమటి వైపు ఒకే ఒక తలుపు దారి. అది తూర్పున ఉంటే బాగుంటుందని ఇంజనీరు గారికి తోచింది. నోటితో చెప్పకూడదు గనుక రెండు ఆదేశాలు రాశారు. పడమటి దారి మూసేయాలన్నది మొదటిది; తూర్పున దారి తెరవాలన్నది రెండోది. మొదటిది వెంటనే ఆమోదం పొందింది. మూసే పనులకు మన దగ్గర ఎప్పుడూ ఇబ్బంది లేదు. రెండోది పరిశీలనకు వెళ్ళింది.

బయట ఎండగా ఉందని గడియారం సారు ఆ గదిలోనే కుర్చీ వేయించుకున్నారు. వరండాలో నిలబడి మేస్త్రీ ఇటుకలు పేర్చడం మొదలుపెట్టాడు. మాలు అందిస్తున్న భార్య లోపలి మనిషి వైపు చెయ్యి చూపించింది. మేస్త్రీ పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. ఆమె మళ్ళీ చూపించింది. ఆయన తన టోపీని చూపించాడు. గోడ నిపుణుడు గారి మోకాళ్ళు దాటింది, మెడలో గడియారం దాటింది, చివరికి కళ్ళద్దాలూ దాటింది. ఆయన తల వంచుకుని గీత గీసుకుంటూనే ఉన్నారు. అంత వేగంగా లేచిన గోడను ఆయన అంతవరకూ చూడలేదు.

వెలుగు తగ్గాక లోపలినుంచి గొంతు వినిపించింది. "ఎవరక్కడ? తలుపెటు?"

కూలీలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నేనే చెప్తున్నాను, మాట్లాడండి!"

నిబంధన సడలింపు రాతపూర్వకంగా ఉండాలి. ఎవరూ కదల్లేదు. లోపల గోడను గుద్దుతున్న చప్పుడు మొదలైంది. తర్వాత ఏడుపు. మేస్త్రీ టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆయన భార్య తట్ట విసిరికొట్టింది. "లోపల మనిషున్నాడు! మీ నోళ్ళల్లో ఏం కుక్కుకున్నారంతా? ఆ గునపం ఇటివ్వండి!"

మొదటి పోటు ఆమే పొడిచింది. పచ్చి గోడ కావడంతో నాలుగు పోట్లకే కూలింది. ఆపాదమస్తకం బూడిదరంగులో గడియారం సారు బయటికి పాక్కుంటూ వచ్చారు. జీవితంలో ఆయనకు సిమెంటు అంటడం అదే మొదలు. ఆమె చెంబుతో నీళ్ళు పట్టింది. "మెల్లగా తాగు బాబూ. ఏం కాలేదు" అంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని "అమ్మా" అన్నారు. ఆ ఒక్కమాటా పరిశోధనలో భాగం కాదని తర్వాత వివరణ ఇచ్చారు.

ఆ ఘటనపై ఆయన సమర్పించిన నివేదిక నిష్పాక్షికమైనది. ఒక అనధికార అరుపు వల్ల పూర్తయిన గోడ కూలిందని, ఆనాటి ఉత్పాదకత సున్నాకు పడిపోయిందని, ఆ నోటిని తొలగిస్తే మిగతా శ్రామికులకు రక్షణ ఉంటుందని అందులో ఉంది. నోటిని ఒక్కదాన్నే తొలగించే పద్ధతి లేక మనిషినంతా తొలగించారు. ఉత్తర్వు అమలు చేయవలసినవాడు మౌన సమన్వయకర్త. మేస్త్రీ తన భార్య ముందు నిలబడి, నేల చూపులు చూస్తూ, చెయ్యెత్తి గేటు చూపించాడు. నోరు విప్పలేదు. విప్పితే తనూ అదే దారి పట్టాలి.

"సరేలే" అంది ఆమె. "గోడ వంకరపోతే ఇక నీకు నువ్వే చెప్పుకో."

ఈ సందట్లో మంచాలు సరఫరా చేసేవాడు తన గడువు తను నిలుపుకోవడానికి, కూలిన గోడలోంచి మంచాలన్నీ లోపలికి చేర్చి, పరుపులు పరిచి వెళ్ళిపోయాడు. మర్నాడు గోడ మళ్ళీ కట్టారు, ఈసారి ఇంకా వేగంగా. తూర్పు దారి సంగతి పరిశీలించవలసిన సంఘానికి గడువు తీరిపోయింది. కొత్త సంఘం ఇంకా వేయలేదు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పురుటి గది గోడకు అడ్డంగా రిబ్బను కట్టారు. ముఖ్య అతిథి దాన్ని కత్తిరించి, గోడను కాసేపు తదేకంగా చూసి, "చాలా గట్టిగా ఉంది" అని మెచ్చుకుని వెళ్ళారు. గడియారం సారును వేరే ఊళ్ళవాళ్ళు ఎగరేసుకుపోయారు. అక్కడ బడులు కడుతున్నారట.

ఆసుపత్రి ఇప్పుడు దివ్యంగా నడుస్తోంది. కాన్పులు వరండాలో దుప్పటి అడ్డం కట్టి చేస్తున్నారు. లోపలి పరుపుల మీద ఈనాటికీ ఒక్క మరక లేదు. ఇంత పరిశుభ్రమైన పురుటి గది ఇంకెక్కడా లేదని తనిఖీకి వచ్చినవాళ్ళు వెంటిలేటర్లోంచి తొంగిచూసి రాసి వెళ్ళారు.

మొన్న వాన పడుతున్నప్పుడు మేస్త్రీ భార్య నొప్పులు పడుతున్న కూతుర్ని నడిపించుకుంటూ వచ్చింది. వరండాలో జల్లు కొడుతోంది. అడ్డం కట్టిన దుప్పటి తడిసి కిందికి వేలాడుతోంది. ఆమె కూతుర్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, గది చుట్టూ తిరిగి వచ్చి, గోడను అరచేత్తో బాదింది.

"తలుపేదయ్యా? ఇన్ని మంచాలు లోపల పెట్టుకుని, బిడ్డను వానలో కనమంటారా? అడిగేవాళ్ళే లేరా ఈ ఊళ్ళో?"

మేమంతా అక్కడే వరసలో ఉన్నాం. మా చెల్లెలి కాన్పు వంతు ఆమె కూతురి కంటే ముందు. ఆమె అడిగిందాంట్లో మాకు తెలియనిది ఒక్క ముక్క లేదు. అయినా మర్యాద తెలిసినవాళ్ళం కనుక అందరం ఒక్కసారే ఆమె వైపు తిరిగి చెప్పాం:

"మెల్లగా మాట్లాడమ్మా, మెల్లగా. ఇది ఆసుపత్రి."